ఆరు ముక్కల అద్దె

3వ తేదీ, మంగళవారం

డ్యూటీ నుంచి వచ్చేసరికి గుమ్మంలో కవరు. అద్దె సాయం ఆఫీసు వాళ్ళది. నిలబడి చదివాను. తర్వాత కూర్చుని చదివాను. కూర్చుని చదివితే అర్థం మారుతుందా ఏమిటి? మారలేదు.

ఇన్నాళ్ళూ మన అద్దె వాళ్ళు గీసుకున్న గీత దాటినా పట్టించుకునేవారు కాదు, ఇచ్చేదేదో ఇచ్చేవారు. ఈ ఏడాది నుంచి గీత దాటితే అది ఖరీదైన ఇల్లట. ఖరీదైన ఇంట్లో ఉండేవాళ్ళకి సాయం అక్కర్లేదట. చెప్పుకునేది ఏమైనా ఉంటే నెలాఖరులోగా వచ్చి చెప్పుకోవాలట. వంటింటి గోడ చెమ్మకి పెచ్చులు పెచ్చులుగా రాలుతున్న ఈ కొంప ఖరీదైనదని తెలిసి నాకు మహా గర్వంగా ఉంది.

సాయం ఆగితే, ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే నా జీతంతో ఇక్కడ ఉండటం కల్ల. ఇల్లు మారాలి. నాకైతే ఏ నాలుగు గోడలైనా ఒకటే. అత్తయ్యకి కాదు. చూపు పోయాక ఆవిడ ఈ ఇంటిని అడుగుల్లో కంఠతా పట్టింది. మంచం నుంచి పొయ్యికి తొమ్మిది. పొయ్యి నుంచి పెరటి గుమ్మానికి నాలుగు. గుమ్మం నుంచి కుళాయికి ఆరు. తన టీ తనే కాచుకుంటుంది, నాకూ కాచి మూతపెట్టి ఉంచుతుంది. కొత్త ఇంట్లోకి తీసుకెళ్తే ఆవిణ్ణి కుర్చీకి కట్టేసినట్టే. డెబ్బై ఆరేళ్ళ మనిషి మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టాలి.

"ఏమిటే ఆ కాగితం?" అంది మంచం మీద నుంచి.

"కరెంటు వాళ్ళది, అత్తయ్యా."

"కరెంటు కాగితానికి అంత పెద్ద నిట్టూర్పా?"

పాము చెవులు ఆవిడవి.

4వ తేదీ, బుధవారం

ఏమీ రాయబుద్ధి కావడం లేదు. ఇవాళ ఇరవై దుప్పట్లు తప్పు మడత పెట్టాను.

6వ తేదీ, శుక్రవారం

సెలవు పెట్టి ఆఫీసుకి వెళ్ళాను. నాలుగో కిటికీ. కళ్ళజోడు పెట్టుకున్న ఒక అమ్మాయి, పాపం జలుబుతో ముక్కు ఎర్రగా ఉంది. నా ఫైలు తీసి, "అద్దె మొత్తం ఒకే అంకెగా రాశారేంటండీ? ఇందులో ఏమేం కలిసున్నాయి?" అంది.

ఎంత ఓపికగా చెప్పిందో. ఇల్లు, నీళ్ళు, అందరూ వాడుకునే మెట్ల దీపం, ఊడ్చే మనిషి, ఇవన్నీ అద్దె కిందే లెక్కట. మన ఇంట్లో మనం కాల్చుకునే కరెంటు, ఇంటాయన ఇచ్చిన మంచం బీరువా, బండి పెట్టుకునే చోటు, ఇవి లెక్కలోకి రావట. అందరిదీ అయితే అద్దె, నా ఒక్కదానిదే అయితే నా ఖర్మ. మేం ఉండేది కింది వాటా. ఆ మెట్లు నేను నెలకోసారి ఎక్కితే గొప్ప. ఆ మెట్ల మీద వెలిగే దీపం అద్దెట, నా నెత్తి మీద వెలిగే దీపం అద్దె కాదట! సరే, వాళ్ళ లెక్కలు వాళ్ళవి.

"ఆ మూడూ విడిగా చూపిస్తే మీ అద్దె గీత కిందకి రావచ్చండీ. అప్పుడు సాయం ఆగదు. మీ అద్దెలో అలాంటివి ఏమైనా ఉన్నాయా?"

"లేవండీ. అంతా ఇల్లే" అన్నాను.

ఎందుకన్నాను? నోట్లో ఎవరు కూర్చుని పలికించారు? ఆ అమ్మాయి చెయ్యి చాచి బయటపడే దారి చూపిస్తుంటే, నేను తలుపు వేసి గడియ పెట్టుకుని వచ్చాను.

ఎందుకో నాకు తెలుసు. ఎవరూ చూడని పుస్తకంలో కూడా దాచుకుంటే నాకంటే పిచ్చిది ఉండదు. రెండేళ్ళ కిందట, మా ఆయన పోయిన నెలలో, సాయానికి అర్జీ పెడుతుంటే మా లాండ్రీలో ఇస్త్రీ అక్క చెవిలో ఊదింది: "అద్దె ఎంత ఎక్కువ చూపిస్తే సాయం అంత ఎక్కువే. అన్నీ కలిపేసి ఇంటద్దె అని రాయించు." పై వాటాలో ఉండే ఇంటాయన అప్పటిదాకా ఇచ్చే అద్దె చీటీలో ఆరు వరసలు ఉండేవి. ఇల్లు, నీళ్ళు, మెట్ల దీపం ఊడుపు, కరెంటు, మంచం బీరువా, ఇంకొకటి. నేను కాళ్ళావేళ్ళా పడితే ఆయన ఆరూ కలిపి 'ఇంటి అద్దె' అని ఒకే వరస రాసిచ్చాడు. ముప్పై ఏళ్ళు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసిన మనిషి. వీధి మొత్తానికీ ఆయన చెకింగు బాబాయే. అలాంటి మనిషి చేత అబద్ధం రాయించాను.

ఇప్పుడు విడదీసి చూపిస్తే, అప్పుడెందుకు కలిపావంటారు. ఇన్నాళ్ళూ ఎక్కువ తిన్నది కక్కమంటారు. బాబాయినీ నన్నూ కలిపి లోపలేస్తారేమో.

7వ తేదీ, శనివారం

ఊరి చివర ఒక ఇల్లు చూశాను. అద్దె తక్కువ. మూడో అంతస్తు. గదులు శుభ్రంగానే ఉన్నాయి, కిటికీలోంచి గాలి బాగానే వస్తోంది. ఏం తక్కువని?

కళ్ళు మూసుకుని గుమ్మం నుంచి పొయ్యి దాకా నడిచాను. అయిదో అడుగులో గడప మోకాలి కింద కొట్టింది. ఏడో అడుగులో గోడ. కళ్ళు తెరిచేసరికి ఆ ఇంటావిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తోంది. "ఆలోచించుకుని చెప్తానండీ" అని వచ్చేశాను. మోకాలి కింద బొప్పి కట్టింది. ఆవిడ ఎముకలకైతే బొప్పితో పోతుందా?

9వ తేదీ, సోమవారం

బాబాయి దగ్గరికి వెళ్ళాను. కవరు చేతిలో చూడగానే ఆయన మొహం పాలిపోయింది.

"వచ్చేశారా అమ్మాయ్?"

"ఎవరు బాబాయ్ గారూ?"

"వాళ్ళే. పోలీసులు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండేళ్ళుగా గేటు చప్పుడైతే ఆయనకి గుండె గుభేలుమంటోందట. "టికెట్టు లేనివాణ్ణి ఒక్క చూపుతో పట్టేసేవాణ్ణి నేను. అద్దంలో నా మొహం చూసుకుంటే ఇప్పుడు వాడే కనిపిస్తున్నాడు" అన్నాడు. నేను ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్నా ఇన్నాళ్ళూ. సిగ్గుతో చచ్చిపోయాను.

నిజం రాసిచ్చేద్దాం, ఏమొస్తే అది వస్తుంది అన్నాడు. గుండ్రటి అక్షరాలతో పాత ప్యాడు మీద వరసలు గీశాడు. కరెంటు తీసేశాం. మంచం బీరువా తీసేశాం. అయినా గీతకి కొంచెం పైనే ఉంది.

"షెడ్డు కూడా రాయాలమ్మాయ్."

"అది వద్దు."

"అది రాస్తేనే కిందకొస్తుంది. రాయకపోతే మళ్ళీ అబద్ధమే కదా."

రాయమన్నాను. "కానీ అత్తయ్యకి తెలియకూడదు బాబాయ్ గారూ. బండి ఎప్పుడో అమ్మేశానని చెప్పాను ఆవిడకి."

ఆయనకి పొలమారింది. నీళ్ళు తాగి, "నేనెవరికీ చెప్పనమ్మా. ఎవరి మాటా ఎవరికీ చెప్పను" అన్నాడు, కిటికీలోంచి పెరటివైపు చూస్తూ. పాపం, ముసలితనం.

10వ తేదీ, మంగళవారం

షెడ్డు సంగతి రాయక్కర్లేదు. ధర పెరిగితే అమ్ముదామని ఉంచాను, అంతే. మూడు చక్రాల సామాన్ల బండ్లకి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది.

10వ తేదీ, మళ్ళీ

ధర పెరుగుతుందట! రెండేళ్ళు కదలకుండా పడున్న బండికి!

సరే, రాస్తాను. ఆయన పోయిన వారానికే ఒకడు కొంటానని వచ్చాడు. సీటు చెయ్యిపెట్టి నొక్కి చూసి, "ఇది మార్పించాలి" అన్నాడు. ఆ సీటు ఒకపక్క ఆయన కూర్చునే చోట దిగిపోయి ఉంటుంది. ఇవ్వనన్నాను. ఇంట్లోకొచ్చి అత్తయ్యతో అమ్మేశానన్నాను. కొడుకు బండి పెరట్లోనే ఉందని తెలిస్తే ఆవిడ రోజూ ఏడుస్తుందని. తాళం వేసి తాళంచెవి బియ్యం డబ్బాలో పెట్టాను. అప్పట్నుంచి నేను ఆ తలుపు తీసింది లేదు.

ఆవిడ కోసమే చేశాను. అచ్చంగా ఆవిడ కోసమే.

12వ తేదీ, గురువారం

నాలుగో కిటికీ. కాగితం ఇచ్చి అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. మొన్న అబద్ధం చెప్పాననీ, రెండేళ్ళ కిందటా అబద్ధమేననీ, ఇంటాయన తప్పేం లేదనీ. వెనక లైనులో వాళ్ళందరూ విన్నారు. విననీ.

ఆ అమ్మాయి ముక్కు చీదుకుని, "ఇల్లు చూసి రాసుకోవాలండీ. వచ్చే మంగళవారం నేనే వస్తాను. పాత లెక్క కూడా తీసి చూస్తాను" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, ఎటో ఒకటి తేలేది.

14వ తేదీ, శనివారం

అత్తయ్య చీర కుచ్చెళ్ళకి నల్లటి మరక. ఉతికితే పోలేదు. లాండ్రీలో ఇన్నేళ్ళు చేశాను, నాకే అంతుపట్టని మరక. కుళాయి దగ్గర ఏదైనా తుప్పు అంటుకుందేమో.

మధ్యాహ్నం పడుకుని ఉంటే పెరట్లోంచి ఆవిడ గొంతు వినబడింది. "పదకొండు... పన్నెండు..." కుళాయి ఆరో అడుగులోనే కదా. లెక్క తప్పుతోంది పాపం. ఉన్న ఇంట్లోనే ఇలా అయితే కొత్తింట్లో ఏం గతి?

16వ తేదీ, సోమవారం

రేపు ఆఫీసు అమ్మాయి వచ్చే వేళకి అత్తయ్యని పైకి పంపాలని చూశాను.

"రేపు పొద్దున కాసేపు బాబాయి గారింట్లో కూర్చోకూడదూ?"

"ఎందుకు?"

"ఊరికే. నీక్కూడా కాలక్షేపం కదా."

"రెండేళ్ళలో ఒక్కరోజు పట్టలేదు నీకు నా కాలక్షేపం. ఎవరొస్తున్నారు?"

చెప్పక తప్పింది కాదు. గీత సంగతీ, ఇల్లు పోయే సంగతీ చెప్పాను. షెడ్డు సంగతి చెప్పలేదు.  అంతా విని ఆవిడ, "ఇల్లు నా కోసమేగా పట్టుకుని వేలాడుతున్నావు? వదిలేస్తే వదిలెయ్యి. ఎక్కడైనా గోడ గోడే, తడుముకుంటా" అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడవకుండా వెళ్ళి గిన్నెలు తోమాను. తోమినవే మళ్ళీ తోమాను.

17వ తేదీ, మంగళవారం

ఒక్కటీ వదలకుండా రాయాలి.

పదకొండింటికి వచ్చింది ఆ అమ్మాయి. జలుబు తగ్గింది. బాబాయి ఉతికిన చొక్కా వేసుకుని, బొత్తాం మెడదాకా పెట్టుకుని, గోడవారన నిలబడ్డాడు. అత్తయ్య మంచం మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ అమ్మాయిని పెరట్లోకి తీసుకెళ్ళి కాగితం అక్కడే చదివిద్దామని నా ప్లాను. ఆ అమ్మాయేమో కుర్చీ లాక్కుని అత్తయ్య ఎదురుగానే కూర్చుంది.

"బామ్మగారూ, నేను పైకి చదువుతాను, మీరూ వినండి. ఈ ఇంట్లో మీ ఇద్దరిదీ లెక్కే."

ఎంత మర్యాదో! ఆ క్షణంలో ఆ మర్యాదని గొంతు పిసికేద్దును.

"ఇల్లు. నీళ్ళు. మెట్ల దీపం, ఊడుపు. ఈ మూడూ అద్దె. కరెంటు, మంచం బీరువా విడి." నేను దగ్గాను. బాబాయీ దగ్గాడు. ఇద్దరం కలిసి దగ్గాం. ఆ అమ్మాయి ఆగి, మా దగ్గు అయ్యాక చదివింది: "బండి షెడ్డు, విడి. ఏదండీ షెడ్డు? అందులో ఏముంది?"

నేను మళ్ళీ దగ్గబోయాను.

"మా వాడి బండి ఉందమ్మా" అంది అత్తయ్య. "పెరటి గుమ్మం నుంచి పద్నాలుగు అడుగులు. పద, చూపిస్తాను."

లేచింది. పొయ్యి దాకా తొమ్మిది, గుమ్మానికి నాలుగు. కుళాయి దాటింది. పద్నాలుగో అడుగులో చెయ్యి చాచింది, తాళం చేతికొచ్చింది. బొడ్డులోంచి తాళంచెవి తీసి, తడుముకోకుండా తెరిచింది. నేను బియ్యం డబ్బాలో దాచిన తాళంచెవి కాదది. నేను బాబాయి వైపు చూశాను. ఆయన ఆకాశం వైపు చూస్తున్నాడు.

"రెండోది నా దగ్గరుండేదమ్మాయ్" అన్నాడు చివరికి. "అక్కగారు అడిగితే ఇచ్చాను. నీకు చెప్పొద్దంది. నువ్వేమో ఆవిడకి చెప్పొద్దన్నావు. మీ ఇద్దరి మధ్యా నా ప్రాణం తోకకొచ్చింది."

లోపల బండి తళతళలాడుతోంది. దుమ్ము లేదు. అద్దం తుడిచి ఉంది. సీటు మీద అత్తయ్య పాత తువ్వాలు పరిచి ఉంది. రెండేళ్ళుగా నేను డ్యూటీకి వెళ్ళగానే ఆవిడ ఇక్కడికొచ్చి కూర్చుంటోందట. నాకు అంతుపట్టని ఆ మరక బండి గ్రీజు.

"తెలిసి కూడా నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"అమ్మేశానన్న రోజున బండి గేటు దాటిన చప్పుడే లేదు. నువ్వు దాచుకున్నావుగా. నీకది దాచుకోవాలనుంది కాబోలు అనుకున్నా. నాకు తెలుసని తెలిస్తే, నా బాధ చూడలేక నిజంగానే అమ్మేస్తావని భయమేసింది." సీటు తడుముతూ, "ఏమే, నువ్వు ఒక్కసారి కూడా రాలేదేం? నువ్వు ఇంటికొచ్చాక రోజూ చూశా, పెరట్లో నీ చెప్పుల చప్పుడు వినబడుతుందేమోనని."

అక్కడే కూలబడి ఏడ్చాను, ఆఫీసు అమ్మాయి ముందే. ఏడ్చేశాక గుండెల్లో రాయి తీసినట్టుంది. ఆవిడ కోసమే దాచానని ఈ పుస్తకంలో రాసుకున్నాను. తెరిస్తే లోపల ఆయన ఉండడని నాకే భయం.

ఆ అమ్మాయి కాసేపు కాగితాలు సర్దినట్టు నటించి, తర్వాత నెమ్మదిగా చెప్పింది. అద్దె గీత కిందే ఉందట. సాయం ఆగదట.

"మరి పాతది? రెండేళ్ళు ఎక్కువ తిన్నది?"

"ఏం ఎక్కువండీ? తీసి చూశాను. మీ ఇద్దరికీ ఇవ్వగలిగే సాయానికి ఒక హద్దుంది. ఒట్టి ఇల్లు, నీళ్ళతోనే అది నిండిపోయింది. నిండిన గిన్నెలో ఎంత పోస్తే ఏం లాభం, కారిపోవడమే కదా. మీరు కలిపి రాయించినందుకు మీకు ఒక్క పైసా ఎక్కువ రాలేదు. ఇకమీదట మాత్రం విడివిడిగా రాయించండి."

ఒక్క పైసా! రెండేళ్ళు నిద్ర చెడగొట్టుకున్నది, బాబాయి గేటు చప్పుడుకి ఉలిక్కిపడ్డది, అంతా ఒక్క పైసా లాభం లేని దొంగతనానికి! ముందు బాబాయి నవ్వాడు. మెడ దగ్గర బొత్తాం తీసేసి మరీ నవ్వాడు. తర్వాత నేను. అత్తయ్య బండిలో కూర్చుని, "దొంగతనం చెయ్యడం కూడా చేతకాదు దీనికి" అని ఆ అమ్మాయితో చెప్పి, రబ్బరు హారన్ నొక్కింది. ఇంకా మోగుతోంది అది, గొంతు బొంగురు పోయింది గానీ.

18వ తేదీ, బుధవారం

పొద్దున్న ఏడింటిదాకా పడుకున్నాను. అత్తయ్య టీ కాచి లేపింది.

21వ తేదీ, శనివారం

మధ్యాహ్నం ఇద్దరం షెడ్డులో కూర్చున్నాం. ఆవిడ ఆయన సీట్లో, నేను వెనక సామాన్లు పెట్టే చోట. ఆయన చిన్నప్పుడు గుమ్మం మీద నుంచి దూకి పన్ను విరగ్గొట్టుకున్న కథ చెప్పింది. నాకు తెలిసిన కథే. కొత్తగా విన్నట్టు విన్నాను.

"షెడ్డుకిచ్చేది సాయంలోకి రాదన్నమాట" అంది ఉన్నట్టుండి.

"రాదు. మన చేతిదే."

"అయితే అమ్మెయ్. నడిచే బండి ఇలా కూర్చోవడం వాడికీ నచ్చదు."

నేను లేచి, తుడిచి ఉన్న అద్దాన్నే మళ్ళీ తుడిచాను. ఆవిడే, "ఇప్పుడు అమ్మితే నాకు తెలిసి అమ్మినట్టుగా" అంది.

28వ తేదీ, శనివారం

ఒక వడ్రంగి కొన్నాడు. సీటు నొక్కి చూసి, "ఇది మార్పించాలండీ" అన్నాడు. ఈసారి నాకు కోపం రాలేదు. "మార్చుకో నాయనా, పాతది మాకిచ్చెయ్" అంది అత్తయ్య. అక్కడికక్కడే నాలుగు బోల్టులూ విప్పి చేతికిచ్చి, బండి తోసుకుంటూ బయల్దేరాడు. బండి వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ గేటు పట్టుకుని వింటూ నిలబడింది. నేను ఆవిడ పక్కన నిలబడ్డాను.

2వ తేదీ, గురువారం

రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి ఆఫీసు నుంచి, సాయం ఎప్పటిలాగే వస్తుందని. రెండోది బాబాయి కొత్త చీటీ. గుండ్రటి అక్షరాలతో అయిదే వరసలు. ఆరోది లేదు. అత్తయ్య చీటీ మూడుసార్లు చదివించుకుంది.

సీటుని పెరటి గుమ్మం పక్కన గోడకి ఆనించి వేశాను. పొయ్యి నుంచి నాలుగడుగులు. ఆవిడ రెండుసార్లు నడిచి చూసుకుని, ఆ దిగిపోయిన పక్కనే సర్దుకుని కూర్చుంది. టీ ఇచ్చాను. గుక్క తాగి, అయిదో వరస మరోసారి చదవమంది.

"మంచం, బీరువా" అని చదివాను.

"ఇందులో ఈ సీటు కలపలేదుగా ఆ చెకింగు తమ్ముడు?"

"లేదు అత్తయ్యా. ఇది మనది."